అంకీయ దూరదర్శన పరిభాష: కొన్ని పదముల పూర్వోత్తరములు

తెలుగున శాస్త్రపరిభాషా నిర్మాణమును గూర్చిన చర్చ నూఱేండ్లకు పైబడి సాగుచున్నది. 1906లో విజ్ఞానచంద్రికా మండలి వెలసిన నాటినుండి 1968లో తెలుగు అకాడమి ఏర్పడి పారిభాషిక పదకోశములను వెలువరించు వఱకును, ఆ తరువాతను ప్రశ్న ఒక్కటియే. పరభాషాపదమును ఉన్నదున్నట్లు గ్రహింపవలెనా, సంస్కృతధాతువులనుండి క్రొత్తపదమును కల్పింపవలెనా, లేక జనుల నాలుకపై నున్న దేశ్యమును వెదకి తీయవలెనా? ఈ చర్చలో పాల్గొన్నవారు తఱచుగా మఱచు విషయమొకటి కలదు. ఇంగ్లీషులోని శాస్త్రపదములును ఒకనాడు వేఱొకచోటినుండి ఎరువు తెచ్చుకొన్నవే. కొన్ని పొలమునుండి వచ్చినవి, కొన్ని ఓడనుండి వచ్చినవి, కొన్ని చేతివ్రేళ్లనుండి వచ్చినవి. ఆ పుట్టుక తెలియక మాటకు మాట పెట్టినచో అర్థము జాఱిపోవును. దూరదర్శన ప్రసారమునకును, దాని గ్రహణమునకును సంబంధించిన కొన్ని మూలపదములను, విశేషించి 1990 తరువాత వ్యాపించిన అంకీయపద్ధతికి చెందినవానిని, ఈ దృష్టితో పరిశీలించుట ప్రస్తుతోద్దేశము. పదకోశమును కూర్చుట ఈ వ్యాసకర్త పని కాదు.

మొదట ‘టెలివిజన్’ అను పదమునే చూతము. 1900లో పారిస్ నగరమున జరిగిన అంతర్జాతీయ విద్యుత్ సమ్మేళనమున కాన్‌స్టాంటిన్ పెర్స్‌కీ అను రష్యా దేశీయుడు చదివిన పత్రమున ఈ మాట తొలిసారి కానవచ్చినది. అప్పటికి అట్టి యంత్రము లేదు. జాన్ లోగీ బేయర్డ్ లండనులో కదలు చిత్రమును ప్రసారము చేసి పండితులకు చూపినది 1926 జనవరి 26న. వస్తువునకు ముందే పేరు పుట్టిన ఈ మాటలో పూర్వపదము గ్రీకు, ఉత్తరపదము లాటిన్. మన వైయాకరణుల దృష్టిలో ఇది నిక్కమైన వైరిసమాసము. ఐనను లోకము దానిని అంగీకరించినది. వైరిసమాసములను చూచి ముక్కు విఱుచు మన పదనిర్మాతలు ఈ సంగతిని గమనింపదగును.

మన దేశమున ప్రయోగాత్మక ప్రసారము ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న ఆరంభమైనది. తెలుగుపల్లెలకు ఈ వింత చేరినది 1975 ఆగస్టునుండి ఒక సంవత్సరముపాటు జరిగిన ఉపగ్రహ బోధన ప్రయోగమువలన. ఆఱు రాష్ట్రములలోని 2400 గ్రామములలో ఆంధ్రప్రదేశ్ గ్రామములును చేరియుండెను. కోళ్లదొడ్లకు వాడు ఇనుపవలవంటి దానితో చేసిన 10 అడుగుల వ్యాసముగల గ్రాహకములను ఆ గ్రామములందు నిలిపిరి. 1976 ఏప్రిల్ 1న దూరదర్శన్ ఆకాశవాణినుండి వేఱుపడినది. హైదరాబాదు కేంద్రము 1977 అక్టోబరు 23న మొదలైనది. ఇచట ఒక చిక్కు కలిగినది. తెలుగు భౌతికశాస్త్ర గ్రంథములందు ‘దూరదర్శిని’ యనగా నక్షత్రములను చూచు గాజుకటకముల గొట్టము. కొంద ఱీ పదమునే టెలివిజనుకు వాడ మొదలిడిరి. మఱికొందఱు ‘దూరదర్శనము’ అనిరి. జనులు రెంటిని కాదని, హలంతమైన హిందీరూపమును సంస్థకు పేరుగా ఉంచి, పెట్టెను ‘టి.వి.’ అనిరి. సంస్థ వేఱు, విద్య వేఱు, వస్తువు వేఱు అను వివేకము ఈ నిర్ణయమున కలదు. పండితు లింత చక్కగా పంచియుండెడివారు కారేమో.

‘బ్రాడ్‌కాస్ట్’ అను మాట చరిత్ర మఱింత రుచికరము. 18వ శతాబ్దినుండి ఇంగ్లీషు రైతులు చేతితో విత్తనమును విశాలముగా చల్లుటను ఈ పేరుతో పిలిచిరి. 1920 ప్రాంతమున రేడియో పుట్టినపుడు ఆ వ్యవసాయపదమే దానికి సంక్రమించినది. మనకు ‘ప్రసారము’ స్థిరపడినది. ‘సృ’ ధాతువునకు ‘ప్ర’ అను ఉపసర్గ చేరగా ఏర్పడిన ఈ పదమున వ్యాప్తియే కాని చల్లుట లేదు. కాని సరిగా ఆ చిత్రమునే చూపు తెలుగుమాట మనకు ఉండనే ఉన్నది. ‘వెద’ యనగా విత్తుట. ‘వెదచల్లు’ మాఱి ‘వెదజల్లు’ ఐనది. గొఱ్ఱుతో సాలు పట్టి విత్తుట, నారు పోసి నాటుట, చేతితో వెదజల్లుట వేఱువేఱని మన రైతులెల్లరును ఎఱుగుదురు. ప్రసారము అను మాటను తొలగించి దీనిని నిలుపవలెనని నా వాదము కాదు. కాని పాఠము చెప్పునపుడు ఈ మాటతో మొదలిడినచో, ప్రసారకుడు ఏ ఇంటి కేది చేరునో ఎఱుగడనియు, ఒక్కమాఱు చల్లినది అందఱకును అందుననియు విద్యార్థికి వెంటనే స్ఫురించును. నేటి చెల్లింపు ఛానెళ్లలో ఈ ఉపమానము వింతగా మాఱినది. విత్తనము అందఱి పొలమునను పడుచునే యున్నది. మొలకెత్తునది మాత్రము రుసుము చెల్లించినవాని పొలముననే.

‘యాంటెన్నా’ లాటిన్ భాషలో ఓడ తెరచాపను మోయు అడ్డకొయ్య. గ్రీకున అరిస్టాటిల్ కీటకముల తలపై నుండు తీగెలకు వాడిన పదమునకు కొమ్ము, తెరచాపకొయ్య అని రెండర్థములు కలవు. దానిని లాటినులోనికి మార్చిన పునరుజ్జీవనకాలపు అనువాదకుడు రెండవ యర్థమును గ్రహించి యాంటెన్నా అనెను. అది మొదట కీటకశాస్త్రమున స్థిరపడి, 19వ శతాబ్ది చివర మార్కోనీ పరిశోధనలకాలమున రేడియోస్తంభమునకు పేరైనది. మన జీవశాస్త్ర గ్రంథములందు కీటకపు తీగెలను ‘స్పర్శశృంగములు’ అందురు. ఇందులో శృంగమనగా కొమ్ము. లాటిన్ అనువాదకుడు విడిచిన మొదటి యర్థమే ఇందు నిలిచియున్నది. రేడియోపరముగా మాత్రము మనకు యాంటెన్నాయే చాలును. మిద్దెపై నొకరు దానిని త్రిప్పుచుండగా క్రిందినుండి ఇంకొకరు ‘వచ్చింది, వచ్చింది, మళ్లీ పోయింది’ అని కేకలు వేసిన బాల్యము ఈ వ్యాసకర్త తరము వారందఱకును కలదు. ఆ కేకలలో ఈ పదము తెలుగైనది.

‘పౌనఃపున్యము’ను గూర్చి ఒక్కమాట. హిందీవారు దీనిని ఆవృత్తి యందురు. ‘పునః పునః’ అను దానినుండి వచ్చిన మనమాట పలుకుటకు కష్టమైనను, మరల మరల జరుగుట యను భావమును దాచక చెప్పును. ఈ పదమును పెట్టినవారిని మెచ్చుకొనవలెను.

ఇక అంకీయపద్ధతి. దీనికి ప్రతియోగియైన ‘అనలాగ్’ అను విశేషణము సామాన్యజనులకు ఆ పద్ధతి అంతరించునపుడే తెలిసినది. ఉన్నన్నాళ్లు దానికి పేరక్కఱ లేకపోయెను. 2011లో కేబుల్ చట్టమును సవరించిన తరువాత నాలుగు మహానగరములకు 2012 అక్టోబరు 31, హైదరాబాదు, విశాఖపట్టణములు చేరియున్న 38 నగరములకు 2013 మార్చి 31 గడువుగా నిర్ణయింపబడినవి. ఆ రోజులలో ఇంటింటను వినబడిన మాటలు రెండు: ‘అనలాగ్ పోతుంది, బాక్స్ పెట్టించుకోవాలి.’ పోవునది యేమి, వచ్చునది యేమి అని అడిగినవారికి సమాధానము తెలుగున దొరకలేదు. రుసుము చెల్లించినవారు తాము దేనికి చెల్లించుచున్నారో ఎఱుగకుండుట పరిభాషాలోపముయొక్క ఫలమే కదా.

గ్రీకుపదమున అనలాగ్ యనగా అనుపాతము గలది. మన శాఖవారి కిది సుబోధము. ఏలయన ఇది ఉపమాలంకారమే. దృశ్యములోని వెలుగు ఉపమేయము, తంత్రిలోని విద్యుత్పీడనము ఉపమానము, హెచ్చుతగ్గులు సాధారణధర్మము. వెలుగు హెచ్చినచో పీడనము హెచ్చును, తగ్గినచో తగ్గును. అంకీయపద్ధతిలో పోలిక లేదు, కొలత కలదు. వెలుగు ఇంత యని సంఖ్యతో చెప్పి ఆ సంఖ్యను పంపుదురు. లాటినున ‘డిజిటస్’ అనగా చేతివ్రేలు. వ్రేళ్లపై లెక్కింపదగిన పదిలోపు సంఖ్యలకు అది పేరైనది. 1942లో జార్జి స్టిబిట్జ్ అను అమెరికా గణితజ్ఞుడు విద్యుత్‌స్పందనలతో లెక్కించు యంత్రములకు ‘డిజిటల్’ అను విశేషణమును సూచించెను. నేడు వాడుకలో డిజిటల్ అను మాట స్థిరపడినది, దానిని కదల్చుట వృథాశ్రమ. ఐనను ‘అంకీయము’ అను పదమున ‘అంకె’ స్పష్టముగా కనబడుచున్నందున బోధనకు అది మేలు. రెండును ఉండవచ్చును.

కొలుచుటకు ముందు ఎచటెచట కొలువవలెనో నిర్ణయింపవలెను. పాఠ్యగ్రంథములలో దీనికి ‘ప్రతిచయనము’ అని పేరు. ధాన్యపు బస్తాలో చేయి పెట్టి పిడికెడు తీసి చూచుటను మన అంగళ్లలో ‘మచ్చు చూచుట’ అందురు. మచ్చు అను చిన్నమాట ఉండగా ప్రతిచయనము ఎందులకో నాకు బోధపడలేదు. 1982లో అంతర్జాతీయ రేడియో సలహాసంఘము చేసిన 601వ సిఫారసు ప్రకారము వెలుగునకు సెకనుకు 1,35,00,000 మచ్చులు, రెండు వర్ణభేదములకు ఒక్కొక్కదానికి 67,50,000 మచ్చులు తీయవలెను. మొత్తము 2,70,00,000. ఒక్కొక్క మచ్చును 8 ద్విసంఖ్యలతో వ్రాసినచో సెకనుకు 21,60,00,000 ద్విసంఖ్య లగును.

ఈ ద్విసంఖ్యకు ‘బిట్’ అని పేరు. జాన్ టూకీ కల్పించిన ఈ పదమును క్లాడ్ షానన్ 1948లో ప్రకటించిన తన ప్రసిద్ధవ్యాసమున వాడెను. ఉన్నది, లేదు అను రెండు స్థితులే అందు కలవు. ఛందస్సు చదివినవారికి ఇది క్రొత్త కాదు. గురువు, లఘువు అను రెంటితో మూడక్షరములకు ఎనిమిది గణములు. ఎనిమిదక్షరముల అనుష్టుప్ఛందమునకు 256 వృత్తభేదములు. ఎనిమిది బిట్ల కూటమికి గల రూపములును 256. సామ్య మింతటితో ఆగదు. పింగళుని సూత్రములలోను, వృత్తరత్నాకరాది గ్రంథములలోను చెప్పబడిన ప్రత్యయములలో నష్టము, ఉద్దిష్టము అను రెండు కలవు. ప్రస్తారమున వరుససంఖ్య నిచ్చి వృత్తరూపమును రాబట్టుట నష్టము. రూపము నిచ్చి సంఖ్యను రాబట్టుట ఉద్దిష్టము. ఆరవ గణమేది యన్నచో, 6 సరిసంఖ్య గనుక లఘువు వ్రాసి సగము చేయగా 3. అది బేసి గనుక గురువు వ్రాసి ఒకటి కలిపి సగము చేయగా 2. అది సరి గనుక మరల లఘువు. లఘువు, గురువు, లఘువు: అది జగణము. ఉత్పలమాల కృతిఛందమున 3,55,799వ వృత్తమని లాక్షణికులు చెప్పిన సంఖ్యయు ఈ లెక్కకే చెందినది. ఇరువది గురులఘువుల క్రమమును ఆ ఒక్క సంఖ్య పూర్తిగా వహించుచున్నది. రూపమును అంకెగా మార్చుటకును, అంకెనుండి రూపమును మరల పొందుటకును నేటి యంత్రజ్ఞులు వాడు పదములకు ఉద్దిష్ట నష్టములకంటె దగ్గఱి మాటలు నాకు తోచలేదు. పూర్వులు టెలివిజనును ఎఱిగియుండిరని చెప్పుట నా ఉద్దేశము కాదు. అట్టి మాటలు పరిశోధనకు కీడు చేయును. తెలుగు విద్యార్థికి ముందే తెలిసిన విద్య ఒకటి ఈ క్రొత్తదానికి మెట్టుగా ఉపయోగపడుననుటయే.

సెకనుకు 21 కోట్లకు పైబడిన ద్విసంఖ్యలను ఒక ఛానెలులో ఇముడ్చుట కాని పని. కావున ‘సంపీడనము’ కావలసివచ్చినది. ఈ మాట భౌతికశాస్త్రమునుండి వచ్చినందున గాలిని నొక్కినట్లు దేనినో నొక్కుచున్నారను భ్రమను కలిగించును. జరుగునది వేఱు. సంక్రాంతి ముగ్గును ఒక యిల్లాలు ఇంకొకతెకు చెప్పు విధమును తలచుకొనుడు: ‘15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు.’ ఈ చిన్నమాటలో 169 చుక్కల స్థానములు ఇమిడియున్నవి. ఆమె చుక్కలను నొక్కలేదు. చుక్కలకు బదులు వానిని పుట్టించు సూత్రమును చెప్పినది. చిత్రమున ఆకాశమంతయు ఒకే నీలిరంగుగా ఉన్నపుడు ప్రతిబిందువును వేఱుగా చెప్పనక్కఱలేదు. ముందటి చిత్రమునకును ఇప్పటి చిత్రమునకును భేదములేని భాగమును మరల చెప్పనక్కఱలేదు. సంక్షేపము అన్నను, సూత్రీకరణము అన్నను సంపీడనముకంటె సత్యమునకు దగ్గఱగా ఉండెడిది.

ఈ విద్యకు మూలాధారమైన కొసైన్ పరివర్తనమును గూర్చిన వ్యాసము 1974 జనవరిలో వెలువడినది. కర్తలు మువ్వురు: బెంగుళూరున జన్మించిన నాసిర్ అహమ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. మూడవవారి పూర్తిపేరు కామిశెట్టి రామమోహనరావు. ఆర్లింగ్టనులోని టెక్సాస్ విశ్వవిద్యాలయమున ఆచార్యులుగా నుండిరి. తెలుగువారికి పరిచితమైన ఇంటిపేరుగల ఈ శాస్త్రజ్ఞుని కృషి ప్రపంచమందలి ప్రతి టి.వి. పెట్టెలోను పనిచేయుచుండగా, మన పాఠ్యగ్రంథములలో ఆయన ప్రస్తావన తఱచుగా కానరాదు. చిత్రమును నిలువున 8, అడ్డమున 8 బిందువుల చదరములుగా కోసి, ఒక్కొక్క చదరములోని మార్పులను తరంగములుగా విడదీసి, కన్ను గుర్తింపలేని సన్నని భాగములను వదలివేయుట ఇందలి కిటుకు. వానముసురు పట్టినపుడు తెరపై బొమ్మ చదరములు చదరములుగా చెదరుట మన మందఱమును చూచినదే. 1990 దశకమున స్థిరపడిన ఎంపెగ్-2 ప్రమాణముతో సాధారణ ఛానెలు సెకనుకు 40, 50 లక్షల ద్విసంఖ్యలలో ఇమిడినది. ఒక కార్యక్రమము పట్టుచోట అనేక కార్యక్రమములు పట్టుటకు కారణ మిదియే.

సంక్షిప్తమైన వస్తువులో ఒక్క అంకె చెడినను అనర్థ మధికము. కావున దోషసవరణ ఏర్పాటు కావలసివచ్చినది. ఇందులో మన తాళపత్రపరిష్కర్తల అనుభవము స్మరింపదగినది. ఉత్పలమాలలో పదవ అక్షరము పురుగు తినివేసినచో, యతినిబట్టి మొదటి అక్షరముతో అది మైత్రి కలిగియుండవలెనని తెలియును. రెండవ అక్షరము పోయినచో తక్కిన పాదముల ప్రాస చెప్పును. గణము తప్పినచో ఎచటనో లోపమున్నదని వెంటనే తేలును. అర్థమునకు అవసరమైన దానికంటె హెచ్చుగా పెట్టిన నియమమే పాఠమును కాపాడుచున్నది. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ ప్రకటించిన పద్ధతియు ఇట్టిదే. ఐరోపాలో 1993లో ఏర్పడిన డి.వి.బి. సంస్థ ప్రమాణములలో 188 అష్టకముల మూటకు 16 రక్షకాష్టకములు చేర్చి 204గా పంపుదురు. అందు 8 వఱకు చెడినను గ్రాహకము స్వయముగా సరిదిద్దుకొనును. అంతకు మించి చెడినచో ఏమియు చేయజాలదు. పాదమంతయు చిల్లులైన పద్యమును ఏ పరిష్కర్తయు పూరింపజాలడు గదా.

పాతపద్ధతిలో గ్రహణము క్రమముగా క్షీణించెడిది. తెరపై నూక చల్లినట్లు తెల్లచుక్కలు కనబడుచు, బొమ్మ మసకబాఱినను మాట వినబడుచుండెడిది. కొత్తపద్ధతిలో ఉన్నంతవఱకు నిర్మలము, పోయినచో పూర్తిగా శూన్యము. ఇంగ్లీషువారు దీనిని కొండకొమ్ముతో పోల్చిరి. అంచువఱకు చదునే, అడుగు దాటినచో అగాధము. గట్టు తెగుట అన్నచో మనకు చాలును.

‘హై డెఫినిషన్’ అను పదము కాలముతో అర్థము మార్చుకొన్నది. 1935లో ఇంగ్లండున ప్రభుత్వసంఘమొకటి 240 పంక్తులకు తక్కువ కానిదానిని ఆ పేరుతో పిలిచినది. 1936 నవంబరు 2న బి.బి.సి. ఆరంభించిన సేవలో 405 పంక్తుల పద్ధతియు ఒకటి. తరువాత మన దేశము వాడిన 625 పంక్తుల చిత్రము దానికంటె నిశితమైనను, నేడు సామాన్యమే. అంకీయరూపమున దాని బిందువులు 4,14,720. నేటి హై డెఫినిషన్ చిత్రమున 20,73,600. దానిని మించిన అల్ట్రాలో 82,94,400. ‘ఉన్నత’ శబ్దమున కిట్టి గతి పట్టుట సహజము. డెఫినిషనును నిర్వచనమని అనువదించిన ప్రమాదము జరుగును. ఇచట అది నైశిత్యము. రిజల్యూషన్ అను మాటయు అట్టిదే, సభలో తీర్మానము, కాంతిశాస్త్రమున పృథక్కరణము. దగ్గఱగా నున్న రెండు బిందువులను వేఱుచేసి చూపగలుగుట యను ఆ కాంతిశాస్త్రార్థమే టి.వి.కి వర్తించును.

చివరకు నన్ను ఈ వ్యాసమునకు పురికొల్పిన పదము ‘సంకేతము’. ఒక విద్యార్థి పరీక్షాపత్రమున ‘సంకేతమును సంకేతీకరించి సంకేతముల రూపమున పంపుదురు’ అని వ్రాసెను. అతనిని తప్పు పట్టలేకపోతిని. మన గ్రంథములందు సిగ్నల్, కోడ్, సింబల్ అను మూటికిని ఇదియే మాట. రహస్యముగా మార్చుటకును సంకేతీకరణమే. అనలాగ్ కాలమున ఈ సంకరము వలన హాని లేదు. అపుడు సిగ్నల్ ఒక్కటియే కలదు. అంకీయపద్ధతిలో మొదట కొలతను అంకెగా వ్రాయుదురు, తరువాత ఆ అంకెలను సంక్షేపింతురు, పిమ్మట రుసుము చెల్లింపనివారికి తెలియకుండ మఱుగుపఱతురు, దోషరక్ష కూర్తురు, కట్టకడపట తరంగముపై ఎక్కింతురు. ఈ అయిదు పనులకును ఒక్క పేరున్నచో ఏ పని జరుగనందున బొమ్మ రాలేదో గురువు చెప్పలేడు, శిష్యుడు అడుగలేడు. రైలుకట్టలనుండి సెల్‌ఫోనువఱకు జనులు వాడుచున్న ‘సిగ్నలు’ను తరంగమునకు విడిచిపెట్టుదము. సంకేతమును కోడ్ అను అర్థముననే నిలుపుదము. సింబల్‌కు ‘గుఱుతు’ కలదు. మఱుగుపఱచుటకు ‘గూఢలేఖనము’ అన్నచో, కొన్ని ఛానెళ్లు బాక్సులో కనబడుచునే చూడరాకుండుట కేమి హేతువో ఆ మాటయే చెప్పును.